చావులేనివారి చావు

పురాణములయందలి యసురు లెంతటి ఘోరతపస్సు చేసినను తుదకు కోరెడి వరము తరచుగా నొక్కటియే: చావు లేకుండుట. ఆ వరమును బడయుటయు, బడసిన వెనుక లోకములను గాసిపెట్టుటయు, తుదకు చచ్చుటయు మనము చిన్ననాటినుండి వినుచున్న కథయే. చావులేని వరము పొందినవాడు చచ్చెననుటలో నొక చిక్కున్నది. వరము నిజమైనచో వాడేల చచ్చెను? వాని చావు నిజమైనచో వరమిచ్చిన బ్రహ్మ బొంకెనా? పురాణము చెప్పువారు సాధారణముగ నీ ప్రశ్నకు చిరునవ్వు నవ్వి ముందునకు సాగుదురు. కాని యిది నవ్వి విడువదగినది కాదు. అసురునకు మరణమనగా నేమని మన పూర్వులు తలంచిరో తెలిసికొన్నచో, చంపుటను గూర్చియు, చంపదగినవా డెవ్వడనుటను గూర్చియు వారేమి తలంచిరో తెలియగలదు.

ఈ విచారమునకు కృష్ణాజిల్లా మెట్టసీమ మిక్కిలి తగిన చోటు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 నుండి ఎన్‌టీఆర్ జిల్లాలో జేరినవి. కాని కృష్ణానదియు మునియేరును జిల్లాల పేర్లతో బనిలేక యెప్పటివలెనే పారుచున్నవి. ఇచట మన ప్రశ్నకు మూడు సాక్ష్యములు గలవు. ఒకటి కొండ, ఒకటి చెక్కిన రాయి, ఒకటి యూరిపేరు. వానిని బిలుచుటకు ముందు వాదమేమో తెలిసికొందము.

మహాభారతము కర్ణపర్వమున తారకాసురుని కుమారులు మువ్వురు బ్రహ్మను మెప్పించి, యే ప్రాణివలనను తమకు చావు లేకుండవలెనని వేడిరి. సంపూర్ణమైన యమరత్వ మెవ్వరికిని లేదు, వేరొకటి కోరుకొనుడని బ్రహ్మ చెప్పెను. అంతట వారు మూడు పురములలో వసించి, వేయేండ్ల కొకమారు ఆ మూడును ఒక్కటిగా గూడినపుడు, వానిని ఒకే బాణమున గూల్చువానిచేతనే తమకు చావు కావలెనని కోరిరి. చావులేకుండుట దొరకదని తెలిసిన వెంటనే, చావును మిగుల నరుదుగ జేయుట యెట్లను నుపాయమునకు దిగిరన్నమాట.

హిరణ్యకశిపుడు వారికంటె నేర్పరి. పొలము కొనువాడు దస్తావేజులో నాలుగువైపుల సరిహద్దులను వ్రాయించుకొనునట్లు, వాడు తన ప్రాణమునకు సరిహద్దులు వ్రాయించుకొనెను. నరునిచే గాని మృగముచే గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలపై గాని నింగిలో గాని, ప్రాణమున్నదానిచే గాని లేనిదానిచే గాని తనకు చావు కూడదనెను. వాని కెట్లు చావు వచ్చెనో యందరు నెరుగుదురు. సంధ్యవేళ, గడపమీద, ఒడిలో, గోళ్ళతో, నరుడును మృగమును గాని రూపమున వచ్చెను. ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణముగ రచించినను, పోతన భాగవతమున సప్తమస్కంధమున దెలిగించినను, కూచిపూడివా రాడినను, 1932లో తొలి తెలుగు టాకీగ ‘భక్త ప్రహ్లాద’ వెండితెర కెక్కినను, కథయందలి యీ ముడి యొక్కటియే.

ఇందు గమనింపవలసిన దేమనగా, భగవంతుడు ఆ వరములో నొక్క షరతునైనను మీరలేదు. అక్షరాల బాటించెను. హిరణ్యకశిపుడు బలము చాలక చావలేదు; వ్రాయించుకొన్న పట్టిక చాలక చచ్చెను. ఎంత తెలివిగలవాడు వ్రాసినను లోకమంతయు నొక పట్టికలో నిముడదు. రెండు మాటల నడుమ నెక్కడనో యొక సందు మిగులును. పగటికిని రాత్రికిని నడుమ సంధ్య మిగిలెను. ఇంటికిని బయటికిని నడుమ గడప మిగిలెను. కావున అసురుని చావునకు మొదటి యర్థ మిది: అందరికిని చెల్లు నియమము నాకు మాత్రము చెల్లదను పంతము చచ్చుట.

అసురులలో నిజముగ నమృతము త్రాగినవాడు రాహువు. వాని కథ మరింత చిత్రము. అమృతము కంఠము దిగకమునుపే చక్రము వాని తలను దునిమెను. మొండెము కూలెను; తల చావలేదు. చావలేని యా తల నేటికిని సూర్యచంద్రులను మ్రింగబోవుచున్నదట. మ్రింగినను నిలుపుకొనుటకు కడుపు లేదు. చావులేకుండుట బ్రదుకు గాదని యింతకంటె చక్కగ జెప్పు కథ యెందున్నది? క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు, చంద్రగ్రహణము భూమినీడయు సూర్యగ్రహణము చంద్రు డడ్డమగుటయు నని వ్రాసినను, గ్రహణవేళ పొయ్యి యార్పి తలుపులు బిగించుకొనువారు మనలో నింకను గలరు. అమృతము త్రాగినందులకు గాదు, మన భయమును ద్రాగుచున్నందులకే రాహువు బ్రదికియున్నాడు.

పల్లెపదములలో నిదే భావము వేరొక వేషమున గానవచ్చును. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణము వాని మేనిలో లేదు. ఏడు సముద్రముల కావల నొక చిలుకయందున్నది. వానిని పొడిచినను నరికినను చావడు. చిలుక మెడ నులిమినచో చచ్చును. చావునకు వెరచినవాడు తన ప్రాణమును తనకే దూరము చేసికొనెను. చిలుకను గాచుకొనుటయే వాని బ్రదుకయ్యెను.

ఇట్టి కథలు మన దేశమున మాత్రమే యున్నవని తలపరాదు. అమెరికాలో 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను నొక యాట వెలువడినది. పలువురు బల్లచుట్టు గూర్చుండి, పాచికలు వేయుచు, వీరులుగను మాంత్రికులుగను వేషములు దాల్చి కథను నడిపెడి యాట యది. దానివెనుక కంప్యూటరు తెరపై నాడు నిట్టి యాటలు వేలకొలది బుట్టినవి. మన పట్టణములలోని బాలురును వాని నాడుచున్నారు. ఆ యాటయందు ‘అబిస్’ అను పాతాళమొకటి కలదు, రాక్షసులకది పుట్టినిల్లు. భూలోకమున వీరుడు రాక్షసుని జంపినచో వాడు నిజముగ జావడు. మేనుమాత్రము నశించి, మరల తన పాతాళమున రూపొందును. వానిని పూర్తిగ జంపవలెనన్నచో ఆ పాతాళమునకే పోయి చంపవలెను. ఆటకు ప్రతిదినము శత్రువు కావలెను గనుక నీ యేర్పాటు దానికి మిక్కిలి యనుకూలము.

ఆశ్చర్యమేమనగా, చచ్చినవాడు తన చోటికి దిరిగిపోవునను నీ భావము మన భాగవతమునను గలదు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు వైకుంఠద్వారపాలకులైన జయవిజయులు. సనకాదుల శాపమున వారు మూడు జన్మములెత్తిరి. రెండవమారు రావణ కుంభకర్ణులుగను, మూడవమారు శిశుపాల దంతవక్త్రులుగను బుట్టిరి. ప్రతి చావును వారికి తమ గడపవైపు వేసిన యడుగే. కాని రెంటికిని నడుమ నొక గొప్ప భేద మున్నది. ఆటలోని రాక్షసుడు పోయినవాడు పోయినట్లే తిరిగివచ్చును. వాని పగ తరుగదు, వాని తెలివి పెరుగదు. పురాణమందలి యసురుడు చచ్చినపు డెల్ల కొంత యసురత్వమును వదలిపోవును. మూడవ చావుతో నది ముగియును. అచట చావు ఆటకు విరామము; ఇచట చావు దోషమునకు క్షాళనము. ఇది అసురమరణమునకు రెండవ యర్థము.

మూడవ యర్థము, మనము బొత్తిగ మరచినది, హిరణ్యకశిపుడు కూలిన తరువాతి ఘట్టమున గలదు. స్తంభము పగులుటతోను ప్రేగులు తీయుటతోను కథ ముగిసినట్లు మనము లేచిపోదుము. కాని భాగవత మచట ముగియలేదు. ప్రహ్లాదుడు తన తండ్రికి పాపవిమోచనము కోరెను. నీవంటి కొడుకును గన్నందున నీ తండ్రి యిరువదియొక్క తరములవారితో గూడ పవిత్రుడయ్యెనని నృసింహుడు చెప్పి, తండ్రికి ఉత్తరక్రియలు జరుపుమని యాజ్ఞాపించెను. పిమ్మట బ్రహ్మ ప్రహ్లాదుని దైత్యదానవులకు రాజుగ నభిషేకించెను. ఎవనిని జంపుటకు భగవంతుడే దిగివచ్చెనో, ఆ యసురునకు శ్రాద్ధము జరిగినది; వాని సింహాసనము వాని కొడుకునకే దక్కినది. ఆ ప్రహ్లాదుని మనుమడు బలిచక్రవర్తి; మనవారు లెక్కించు నేడుగురు చిరంజీవులలో నొకడు. ఆ బలి కుమారుడు బాణాసురుడు. శ్రీకృష్ణుడు వాని చేతులను దెగనరికియు నాల్గింటిని మిగిల్చి, నీ వంశము వారిని జంపనని ప్రహ్లాదునకు మాట యిచ్చితినని ప్రాణములతో విడిచెను. కాబట్టి పురాణమతమున అసురుని జంపుట వేరు, అసురుల జాతిని జంపుట వేరు. మొదటిదానికి దైవము పూనుకొనెను; రెండవదానికి తానే యడ్డుపడెను.

అసురశబ్దమే యీ మాటకు సాక్ష్యము. ఋగ్వేదమున వరుణాదిదేవతలకు ‘అసుర’ యనునది గౌరవవాచకము. ఇరానుదేశమున జరతుష్ట్రుని మతమున నా శబ్దమే ‘అహుర’ యై పరమేశ్వరునకు పేరయ్యెను. ‘దేవ’ శబ్దమునకు సాటియైన ‘దయివ’ యచట దుష్టశక్తులకు పేరయ్యెను. ఒకరి దేవత వేరొకరికి దయ్యమగుట కింతకంటె నిదర్శన మక్కరలేదు. కృష్ణాజిల్లా అంగలూరున 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామిచౌదరిగారు ‘శంబుకవధ’, ‘సూతపురాణము’లలో, రాక్షసులని పిలువబడినవారి పక్షమున నిలిచి పురాణములను నిలదీసిరి. గెలిచినవారు వ్రాసిన కథలలో నోడినవారికి కోరలు మొలుచునను వారి యనుమానము త్రోసివేయదగినది కాదు. అయినను నొక్కమాట చేర్పవలసియున్నది. గెలిచినవారి కథలోనే ఓడినవానికి శ్రాద్ధమును వాని కొడుకునకు పట్టమును గలవు. కథను తప్పుబట్టుటకంటె, అందు సగమే చెప్పుచున్న మనలను తప్పుబట్టుట న్యాయము.

ఇక మన సాక్ష్యములను బిలుతము. మొదటిది వేదాద్రి. జగ్గయ్యపేటకు దక్షిణముగ కృష్ణయొడ్డున నున్న యీ క్షేత్రమున నృసింహుడు జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర యను నైదు రూపములతో వెలసెనని ప్రతీతి. స్థలపురాణ మిట్లు చెప్పును. సోమకాసురుడు వేదములను దొంగిలించి సముద్రమున దాచెను. విష్ణువు మత్స్యమై వానిని జంపి వేదములను దెచ్చెను. అప్పుడు వేదములు రూపుదాల్చి, తమపై నివసింపుమని వేడగా, నృసింహావతారమున నట్లే చేయుదునని స్వామి మాటయిచ్చెను. ఆ వేదములే కొండయైనవి. భాగవతమున వేదచోరునిపేరు హయగ్రీవుడు. మన తెలుగువారికి మాత్రము సోమకుడే పరిచితుడు.

ఈ సోమకు డెట్టి యసురుడు? వాడు లోకములను గాల్చలేదు. విద్యను దాచెను, అంతియే. ఆ యొక్క నేరమునకే దైవము మొదటి యవతార మెత్తవలసివచ్చెనట! సోమకుని మరణమనగా నీటియడుగున బడియున్న విద్య వెలికివచ్చుట. అట్లయిన, ఆడుదానికి చదువేల యనియు, ఫలానాకులమువాని చెవిని వేదము పడరాదనియు శతాబ్దములతరబడి విద్యకు మూతపెట్టినవారిని మనమే పేరున బిలువవలెను? వారు ఆ కొండమెట్లనే యెక్కి యా స్వామికే మ్రొక్కిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెరచినపుడును, 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినపుడును సోమకుడు మరల మరల చచ్చెనని చెప్పుట పురాణమునకు విరుద్ధము కాదు.

రెండవ సాక్ష్యము జగ్గయ్యపేటకు చేరువనున్న ధనంబోడు. 1882లో జేమ్సు బర్జెసుదొర యచట నొక బౌద్ధస్తూపమును త్రవ్వించి, 1887లో అమరావతీ జగ్గయ్యపేట స్తూపములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అందు దొరకిన సున్నపురాతి పలకలలో నొకదానిపై నొక చక్రవర్తి నిలిచియున్నాడు. ఒకచేయి పైకెత్తగా మబ్బులనుండి చతురస్రపు నాణెములు వానగ రాలుచున్నవి. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి, స్త్రీ మున్నగు నేడు రత్నములు గలవు. క్రీస్తునకు పూర్వపు శిల్పమని పండితులెన్నిన యీ పలకలోని రాజు మాంధాత యని వారి నిర్ణయము.

బౌద్ధులు చెప్పు మాంధాతకథ మన ప్రశ్నకు సూటియైన జవాబు. అతడు చేయి చాచినచో ధనవర్షము కురిసెడిది. భూమి చాలక స్వర్గమున కేగెను. ఇంద్రుడు తన సింహాసనమున సగమిచ్చెను. అతడచట నున్నంతలో ముప్పదియార్గురు ఇంద్రులు కాలముదీరి పోయిరి. అతడు మాత్రము పోలేదు. అప్పుడు, సగమేల, ఈ యింద్రుని జంపి మొత్తమేల నేలరాదను తలపు పుట్టెను. తలపు పుట్టిన క్షణముననే ముసలితనము క్రమ్మెను. స్వర్గమునుండి జారి తన తోటలోనే పడి మరణించెను. మాంధాత యసురుడు కాడు, ధార్మికుడైన రాజు. ఇంద్రులకుగూడ చావున్నదని బౌద్ధులు నిస్సంకోచముగ జెప్పిరి. ఆయువెంత పొడుగైనను అది యమరత్వము కాదు. ఇతరుని జంపియైనను నాకే కావలెనను తలపు పుట్టినచోటనే మృత్యువు పుట్టుచున్నది. అసురునకును చక్రవర్తికిని ఇచట భేదము లేదు.

ఆ స్తూపముననే క్రీ. శ. మూడవ శతాబ్దమునాటి శాసనములు గలవు. ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని యిరువదవ పాలనవత్సరమున సిద్ధార్థుడను శిల్పి, సకలప్రాణుల హితసుఖములకొరకు ఆయకస్తంభముల నైదింటిని దానముచేసెనని వానిలో నున్నది. రాజు ప్రాకులాడిన చిరస్థాయిత్వము ఒక శిల్పికి దక్కినది. వాడు తనకొరకు దేనిని గోరలేదు.

మూడవ సాక్ష్యము జగ్గయ్యపేట యను పేరే. పూర్వము బేతవోలను నీ యూరికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యపేర నీ నామ ముంచిరి. నందిగామ పరగణా వారి వంశీయుల పూర్వపు టేలుబడి. దానమునకును దేవాలయములకును పేరుమోసిన యీ ప్రభువు పదునెనిమిదవ శతాబ్దపు తుదియేండ్లలో చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగ నిర్మించెను. ఇందులకు కారణముగ కృష్ణకు రెండుదెసలను జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. చెంచులు తన సీమను దోచుచున్నారని కోపించి, ప్రభువు వారిని విందునకు బిలిపించి తలలు నరికించెనట. నరుకుళ్ళపాడను గ్రామనామము దానివలననే కలిగెనందురు. అటుపిమ్మట ప్రభువు భోజనమునకు గూర్చుండినపు డెల్ల విస్తరిలోని యన్నము పురుగులై కనబడెనట. ఆ బాధ తీరుటకే యమరేశ్వరుని సన్నిధి జేరి, గుడులు గట్టించి, దానధర్మములలో శేషజీవితమును గడపి 1816లో కన్నుమూసెనని యైతిహ్యము.

ఈ కథయం దెంతపాలు చరిత్రయో యట్లుండనిండు. జనులు దీనిని నూరేండ్లకు పైబడి యేల చెప్పుకొనుచున్నారో యాలోచింపుడు. ప్రభువునకు చెంచులు అసురులు. అసురులను జంపుట పుణ్యమని అతడు వినియుండెను. కాని అసురుని జంపినవానికి పుష్పవృష్టి కురియవలెను గదా. ఇతనికి విస్తరిలో పురుగులు కనబడెను. చచ్చినవారు మనుష్యులని ప్రజలెరుగుదురు. ఆ తీర్పును వారు కథగ వ్రాసి పెట్టిరి. చంపబడినవారు చావలేదు, చంపినవాని విస్తరిలో కూర్చుండిరి. చావులేనితన మనగా నిదియే యైనచో, అది వరముచేత వచ్చినది కాదు, అన్యాయముచేత వచ్చినది.

ఇచట తలపునకు రాదగినది మరియొకటి. హిరణ్యకశిపుని జంపిన యుగ్రనృసింహుడు ఏమయ్యెనని యడుగుడు. అహోబిలమున చెప్పు కథ ప్రకారము ఆయన నల్లమల యడవిలో చెంచుకన్యను వలచి పెండ్లాడెను. చెంచులు నేటికిని ఆయనను తమ యల్లునిగ జెప్పుకొందురు. రక్తసిక్తములైన గోళ్ళతోనున్న దైవమును శాంతపరచుటకు దేవతల స్తోత్రములు చాలలేదు. అడవిబిడ్డ చేయి కావలసివచ్చెను. దేవుడు బంధుత్వము గలుపుకొన్న జాతిని, ఆ దేవుని పూజించు ప్రభువు విందునకు బిలిచి నరికించెను. వేదాద్రికథను సగమే వినుటవలన గలిగిన ఫల మిట్టిది.

కాబట్టి మన మొదటి ప్రశ్నకు సమాధాన మిది. వరము బొంకు కాదు. అసురుని చావును బొంకు కాదు. చావు లేదని వ్రాయించుకొన్నది దేహము; చచ్చినది యహంకారము. దేహమునకు కొడుకుచేత కర్మ జరిగెను, వంశమునకు రాజ్యము మిగిలెను. ఈ మూడింటిలో నేది లోపించినను అది అసురసంహారము కాదు, హత్య. నేడును పొరుగుకులమువానిని, పొరుగుమతమువానిని, అడవివానిని రాక్షసుడని పిలిచి, ఆ పేరు పెట్టుటతోనే వానిని జంపుటకు సగము సెలవు దొరకినదని తలచువారు మనలో లేకపోలేదు. అట్టివారు తమకు నృసింహుడు సాక్షియందురు. ఆ సాక్షి వాఙ్మూలము పూర్తిగ వినినచో వారి వ్యాజ్యము నిలువదు.

ఏటేట వైశాఖశుద్ధ చతుర్దశినాడు నృసింహజయంతి వచ్చును. ఆనాడు వేదాద్రియందు గాని మన గ్రామములలో గాని ప్రహ్లాదచరిత్రము చెప్పు పౌరాణికులకు మా విన్నప మొక్కటి. స్తంభము పగిలిన వెంటనే మంగళహారతి యీయక, మరి గడియసేపు కథను సాగింపుడు. తండ్రికి తిలోదకము లిచ్చుచున్న ప్రహ్లాదుని గూడ జనులకు జూపుడు. కథ ముగియవలసిన దచట.